కథలో చెడ్డ ఆడమనిషి ఎందుకు పట్టేస్తుంది? ఆమెను మన ఊళ్లో ఎలా నిలబెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. దేవరకొండ వైపు పల్లెలు నేపథ్యంగా చిన్న హారర్ కథలు రాస్తున్నారు. అన్నింట్లోనూ భయపెట్టేది ఆడపాత్రే. మొదటి కథలో అత్తింటివాళ్లు బావిలోకి తోసేసిన కోడలు దయ్యమై వచ్చి ఒక్కొక్కరినీ చంపుతుంది, చివరికి ఎల్లమ్మ గుడి ముందు అంతమైపోతుంది. రెండో కథలో ఊరి చివర గుడిసెలో ఉండే గూని ముసలమ్మ పిల్లల మీద చేతబడి చేస్తుంది. మొదటిది చదివినవాళ్లు "పాపం" అన్నారు. రెండోది చదివినవాళ్లు "ఇట్లాంటివి చాలా చూశాం" అన్నారు. ఎవరూ భయపడలేదు. చెడ్డ ఆడపాత్ర అంటే పాఠకులకు అంత మోజు కదా, మరి నా కథల్లో ఏం తక్కువైంది అన్నది మీ ప్రశ్న.

చాలా ఏళ్లుగా కథలు రాస్తూ, కొత్తగా రాసేవాళ్ల కథలు చదివి సలహాలు చెప్తూ ఉన్నాను. మీరు పంపిన రెండూ శ్రద్ధగా చదివాను. వాక్యం బాగుంది, ఊరు కళ్లకు కడుతోంది. లోపం వేరేచోట ఉంది. రెండు కథల్లోనూ చెడ్డ ఆడమనిషే లేదు.

మొదటి కథలో కోడలు తనకు జరిగిన అన్యాయానికి లెక్క తేల్చుకోవడానికి వచ్చింది. ఆమె కోపం ఎక్కడ పుట్టిందో, ఎవరి మీద పడుతుందో, ఎప్పుడు చల్లారుతుందో పాఠకుడికి మొదటి పేజీలోనే తెలిసిపోయింది. అత్త చచ్చినప్పుడు హమ్మయ్య అనుకుంటాడు. మరిది చచ్చినప్పుడు బాగా అయిందనుకుంటాడు. దయ్యం తన పక్షాన పనిచేస్తుంటే ఎవరైనా ఎందుకు భయపడతారు? మన దగ్గర బావులకూ కోడళ్లకూ ఉన్న సంబంధం తెలిసినవాళ్లకు ఆ కథ చదివితే గుండె బరువెక్కుతుంది. దానికి దాని విలువ ఉంది. కానీ అది పగ కథ.

రెండో కథలో ముసలమ్మకు ఏం కావాలో మీరు ఎక్కడా చెప్పలేదు. ఆమె పిల్లల మీద పడడానికి కథలో ఉన్న కారణం ఒక్కటే: ఆమె మంత్రగత్తె. అంటే పాత్ర లేదు, పేరు మాత్రమే ఉంది. ఈ కథ గురించి ఇంకా గట్టిగా చెప్పాల్సింది ఉంది, కాసేపట్లో దానికి వస్తాను.

పాఠకులు చెడ్డ ఆడపాత్రను ఇష్టపడేది ఆమె కోరిక కోసం. మన ఇళ్లలో ఆడమనిషి తనకు ఏం కావాలో నోరు తెరిచి చెప్పే సందర్భాలు ఎన్ని? అందరూ తిన్నాక తింటుంది, అడుగున మిగిలిన కూర వేసుకుంటుంది, "నాకేం వద్దులే" అనడం చిన్నప్పుడే నేర్చుకుంటుంది. అట్లాంటిది కథలో ఒకామె వచ్చి ఈ ఇల్లు నాకు కావాలి, నీ మొగుడు నాకు కావాలి, నీ బిడ్డ నన్ను అమ్మా అని పిలవాలి అనుకుని, అనుకున్నంత పనీ చేస్తుంటే చదివే ఆడవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. అదే సమయంలో లోపల ఎక్కడో హాయిగా కూడా ఉంటుంది. ఆ రెండూ కలిసి రావాలి. ఒట్టి జలదరింపు అయితే మర్నాటికి మర్చిపోతారు. హాయి కూడా తోడైతే, ఆమెను మెచ్చుకున్నందుకు తమ మీద తమకే అనుమానం వస్తుంది. ఆ అనుమానం చాలా రోజులు వెంటాడుతుంది. మగ పాఠకుడికి వేసే భయం కొంచెం వేరు. తనకు ఏ పూట ఎంత ఉప్పు కావాలో, ఏ మాటకు లొంగుతాడో, డబ్బు ఎక్కడ దాస్తాడో అన్నీ తెలిసిన మనిషి తన మంచి కోరడం లేదేమో అన్న భయం అది.

కాబట్టి చెడ్డ ఆడపాత్ర రాసేముందు కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి: ఆమెకు ఏం కావాలి? ఆ కోరిక మీకూ, నాకూ ఉండే కోరికే అయ్యుండాలి. ఆమె దాన్ని తీర్చుకునే పద్ధతి మాత్రం మనం చేయలేనిది కావాలి.

పూతన కథ ఇంతకాలం నిలిచిందంటే కోరల వల్ల కాదు. అందమైన ఆడమనిషిగా వచ్చింది, వాకిట్లో ఎవరూ ఆపలేదు, బిడ్డను ఒళ్లోకి తీసుకుని పాలిచ్చింది. విషం ఉన్నది ఆ పాల దగ్గరే. తల్లి ప్రేమ కనిపించిన చోటే చావు ఉండటం వల్ల ఆ కథ పాతబడలేదు.

మనకు ఇంకా దగ్గరి కథ కావాలంటే బతుకమ్మ పూల వెనక చెప్పుకునే తంగేడు కథ ఉంది. ఒక్కో ఊళ్లో ఒక్కో రకంగా చెప్తారు. ఏడుగురు అన్నలకు ఒక్కతే చెల్లెలు. అన్నలు ఆమెను ప్రాణంగా చూసుకుంటుంటే వదినకు కంటగింపు. అన్నలు ఇంట్లో లేనప్పుడు ఆ పిల్లను చంపి ఊరి బయట పాతిపెడుతుంది. పాతిన చోట తంగేడు చెట్టు మొలుస్తుంది, అన్నలు పూలు తెంపబోతే ఆ చెట్టు మాట్లాడుతుంది. మామూలుగా అందరికీ గుర్తుండేది మాట్లాడే చెట్టే. హారర్ రాసేవాళ్లు చూడాల్సింది మధ్యలో ఎవరూ చెప్పకుండా వదిలేసిన పూట. అన్నలు ఇంటికి వచ్చారు. "చెల్లె ఏది?" అని అడిగారు. అప్పుడు వదిన ఏం చేసింది? కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు ఇచ్చింది. పీట వేసింది. "దోస్తులతోని ఆడుకోనీకి పోయింది, వస్తది తియ్యండి" అంది. ఇక్కడ మీరు ఆమె కళ్లు ఎర్రబడ్డాయనో, పెదవుల మీద క్రూరమైన నవ్వు మెరిసిందనో రాశారంటే కథ చెడిపోయినట్టే. ఆమె పప్పుచారు పోస్తున్న చేయిని చూపించండి. ఆ చేయి వణకలేదని రాయండి. అన్నల్లో చిన్నవాడికి పులుపు పడదని గుర్తుపెట్టుకుని అతనికి విడిగా తీసి ఉంచిన పప్పు వేసిందని రాయండి. ఇంత మంచి వదిన అంత పని చేసిందని తెలిసిన పాఠకుడికి ఆ పప్పు గిన్నె చూస్తేనే కడుపులో తిప్పుతుంది.

ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది కథ కాదు, పుకారు. తొంభైల్లో మన పల్లెల్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు. సుద్దముక్కతో కొందరు, బొగ్గుతో కొందరు. రాత్రిపూట ఒకామె వచ్చి తలుపు తడుతుందని, ఇంట్లోవాళ్ల గొంతుతోనే పిలుస్తుందని, పలికితే ప్రాణం పోతుందని అప్పట్లో చెప్పుకునేవాళ్లు. తలుపు మీద ఆ మాట చూస్తే వెనక్కి పోయి మర్నాడు వస్తుందట. దీన్ని రచయితగా విప్పి చూడండి. ఆమెకు కావలసింది ఒక్కటే, లోపలికి రావడం. ఆమె చదవగలదు. చెప్పిన మాట వింటుంది, పోట్లాడదు. కానీ మాట వింటుంది కాబట్టే రేపు తప్పకుండా వస్తుంది. ఆమె ఎవరో, ఎట్లా చచ్చిందో, ఎవరు అన్యాయం చేశారో ఆ పుకారులో లేదు. అయినా పెద్దపెద్ద మగవాళ్లు కూడా రాత్రి తలుపు తీయడానికి భయపడ్డారు. ఒక కోరిక, ఒక నియమం, మనకు తెలిసిన ఒక గొంతు. చిన్న హారర్ కథకు ఇంతకంటే ఎక్కువ సరుకు అవసరం లేదు. మీరు మొదటి కథలో సగం పేజీలు కోడలి గతానికే ఖర్చు పెట్టారు. గతం ఎంత చెప్తే భయం అంత తగ్గుతుంది, ఎందుకంటే గతం తెలిసిన మనిషిని మనం అర్థం చేసుకుంటాం, అర్థమైన మనిషికి జాలిపడతాం.

ఇప్పుడు ఆ గూని ముసలమ్మ దగ్గరికి వద్దాం. ఈ మాట కొంచెం కటువుగా అనిపించినా వినండి. బాణామతి, చేతబడి నెపం పెట్టి మనుషుల్ని చెట్టుకు కట్టేసి కొట్టడం, పళ్లు పీకడం, ప్రాణాలు తీయడం మన తెలంగాణ పల్లెల్లో నిజంగా జరిగినవి. ఆ నెపం పడేది ఎక్కువగా దిక్కులేని విధవ మీద, ముసలివాళ్ల మీద, తిరిగి మాట్లాడే బలం లేని పేదవాళ్ల మీద. వెనక్కి తవ్వితే చాలాసార్లు భూమి తగాదానో, పాత కక్షో బయటపడుతుంది. "ఊరి చివర ఒంటరి ముసలమ్మ నిజంగానే మంత్రాలు చేస్తుంది" అని మీరు కథ రాస్తే, నెపం మోపినవాళ్లు చెప్పిందే మీరూ చెప్పినట్టవుతుంది.

గూని సంగతి ఇంకా బాధగా ఉంది. మీది నల్లగొండ జిల్లా. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి నడుములు వంగిపోయిన మనుషుల్ని, కాళ్లు వంకర తిరిగిన పిల్లల్ని మీరు చూడకుండా ఉండరు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మన బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉన్న ఊళ్లు ఉండేవి. పటిక, సున్నం వాడి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి "నల్గొండ టెక్నిక్" అని పేరు పెట్టిందంటే మన కష్టం ఏ స్థాయిదో ఆలోచించండి. అట్లాంటి జిల్లాలో వంగిన వెన్నును చెడుకు గుర్తుగా వాడొచ్చా? మీ కథ చదివే పిల్లవాడికి గూని అంటే వాళ్ల నాయనమ్మే గుర్తొస్తుంది. నాయనమ్మను చూసి వాడు భయపడడు, భయపడకూడదు కూడా. ఇది మర్యాద సంగతే కాదు, కథ నేర్పు కూడా. చెడ్డదాన్ని చూడగానే గుర్తుపట్టేట్టు పెడితే పాఠకుడు ముందే జాగ్రత్త పడతాడు.

ఆ కథను పారేయనక్కర్లేదు, తిరగేయండి. ముసలమ్మను అట్లాగే ఉంచండి. చెడ్డదాన్ని పక్కింట్లో పెట్టండి. ముప్పై అయిదేళ్ల మనిషి, ఇస్త్రీ చేసిన చీర, నెమ్మదైన మాట. ఊళ్లో ఎవరి పిల్లవాడికి జ్వరం వచ్చినా మొదట వచ్చేది ఆమే. పెరుగు గిన్నె పట్టుకుని వస్తుంది, పిల్లవాడి నుదురు పట్టి చూస్తుంది, లేచి పోతూ పోతూ గడప దగ్గర ఆగి గొంతు తగ్గించి అంటుంది: "నేనన్ననని అనకు అక్కా. పొద్దుగాల ముసలమ్మ మీ ఇంటి ముంగట నిలవడ్డది. నాకెందుకో మంచిగనిపియ్యలే." అంతే. ఇంకో ఇంటికి పోతుంది. ముసలమ్మకున్న ఎకరం చెలక ఆమె చేనుకు ఆనుకుని ఉందని కథ మధ్యలో ఎక్కడో ఒక్కసారి, పెద్దగా పట్టించుకోనట్టు చెప్పండి. ఈ కథలో మంత్రం నిజంగా ఉండాలా అని అడిగితే, ఉండొచ్చు అంటాను. ముసలమ్మ చచ్చాక కూడా పిల్లలకు జ్వరాలు తగ్గలేదని, పెరుగు గిన్నె వచ్చిన ఇళ్లలోనే వస్తున్నాయని పెడితే మీకు అసలైన హారర్ కథ దొరుకుతుంది.

ఎల్లమ్మ గుడి ముగింపు గురించి. చాలామంది కొత్తవాళ్లు ఇట్లాగే చేస్తారు. దయ్యాన్ని ఏం చేయాలో తోచక అమ్మవారికి అప్పజెప్తారు. మన అమ్మవార్ల ఉగ్రరూపాన్నీ చెడ్డ ఆడపాత్రనూ ఒకే గాటన కట్టొద్దు. అలంపూర్ జోగులాంబ అమ్మవారి జటలో బల్లి, తేలు, గబ్బిలం, పుర్రె ఉంటాయంటారు. అంత ఉగ్రరూపం ముందుకు జనం చంటిపిల్లల్ని ఎత్తుకుని పోతారు. ఎందుకంటే అమ్మవారి కోపానికి కారణం ఉంటుంది, చల్లార్చే దారి ఉంటుంది. మొక్కు ఉంది, బోనం ఉంది. ఏం చేస్తే శాంతిస్తుందో ఊరికి తెలుసు. మీ చెడ్డ ఆడమనిషికి ఆ దారి ఉండకూడదు. ఆమెకు ఏమిచ్చినా ఇంకోటి కావాలి. అమ్మవారు వచ్చి చంపేస్తే పాఠకుడు దండం పెట్టుకుని పుస్తకం మూసేస్తాడు, హాయిగా నిద్రపోతాడు. అది భక్తి కథకు సరైన ముగింపు, మీ కథకు పనికిరాదు.

చెడుతనానికి ఒక ఆధారం కూడా ఉండాలి. ఉత్త దుర్మార్గం గాలిలో నిలబడదు. ఆమె చేతిలో ఏముంది? తాళం చెవులా, అప్పు పత్రాలా, వంటిల్లా, ఎవరి రహస్యమైనా ఉందా? మన ప్రాంత చరిత్రలోనే చూడండి. అప్పటి నల్లగొండ జిల్లాలోని కడివెండిలో విసునూరు దేశ్‌ముఖ్ అనే పెద్ద భూస్వామి తల్లి గడిలో, అంటే కోటలాంటి దొరల ఇంట్లో ఉండి పెత్తనం చేసింది. తెలంగాణ రైతాంగ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్య 1946 జులై 4న తూటాకు బలైంది ఆ ఊళ్లోనే. ఆ దొరసాని పేరు చెప్తే జనం వణికారంటే ఆమె ముఖం చూసి కాదు. వడ్డీ లెక్కలు, వెట్టి, ఎవరి ఇంట్లో ఏ గింజ ఎంత ఉందో తెలిసిన అధికారం, అవీ భయపెట్టినవి. గడి నేపథ్యంలో రాయాలని ఎప్పుడైనా అనిపిస్తే, కథను ఆడబాప నోటితో చెప్పించండి. దొరసానితో పాటు పుట్టింటి నుంచి వచ్చి, ఆమెకు తలదువ్వి, నీళ్లు తోడి, రాత్రి ఆమె గది గుమ్మంలో పడుకునే పిల్ల. ఆమె దొరసానిని ద్వేషిస్తుందని మాత్రమే రాస్తే సగమే రాసినట్టు. ఎప్పుడో ఒకసారి జ్వరమొచ్చినప్పుడు దొరసాని తన శాలువా కప్పిందని, ఆ శాలువాను ఇప్పటికీ దాచుకుందని రాయండి. చెడ్డ మనిషి కథను ఆమె ప్రేమకు కాస్తయినా నోచుకున్నవాళ్లు చెప్తే వచ్చే భయం, శత్రువు చెప్తే రాదు.

ఇవన్నీ కలిపితే ఎట్లా ఉంటుందో చూపించడానికి ఒక కథ గీత గీస్తాను. పాలమూరు వలస మీకు తెలిసిందే. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు ఊళ్ల నుంచి జనం బొంబాయికి, పుణెకు పనులకు పోతారు. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుంటారు కాబట్టి మధ్యలో తిరిగి రాలేరు. ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలు, తాళాలేసిన ఇళ్లు మిగులుతాయి. ఆ తాళం చెవులన్నీ గుంపు మేస్త్రీ భార్య దగ్గర ఉంటాయనుకోండి. నమ్మకమైన మనిషి. పిల్లలకు ఇంత వండి పెడుతుంది, జడలు వేస్తుంది. రాత్రికో ఇల్లు తీస్తుంది. ఆ ఇంట్లో దీపం పెడుతుంది, ఆ ఇంటామె చీర కట్టుకుంటుంది, ఆ ఇంటి మంచం మీద పడుకుంటుంది.

ఆమెకు ఏం కావాలి? ప్రతి ఇంటికీ ఇల్లాలు తానే కావాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆమెకు పిల్లల్లేరని మాత్రం రాయకండి. ఆ మాట అనగానే పాఠకుడు "ఓహో, అందుకా" అని ఊపిరి పీల్చుకుంటాడు. పైగా గొడ్రాలన్న నింద ఇప్పటికే ఎంతోమంది ఆడవాళ్ల బతుకుల్ని కాల్చుకుతిన్నది, మనం ఇంకో కట్టె వేయొద్దు. ఆమెకు ఇద్దరు కొడుకుల్ని పెట్టండి, ఇద్దరూ బాగానే ఉన్నారని పెట్టండి. అయినా ఆమెకు సరిపోలేదు.

ఒక సాయంత్రం పుణె నుంచి ఒక తల్లి ఫోన్ చేస్తుంది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న. అమ్మ పెట్టింది."

"అమ్మ ఏంది బిడ్డా? నేనే గద అమ్మను."

పిల్ల ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి పొయ్యి దిక్కు చూసింది. "అమ్మా, ఫోన్ల ఎవరో తనే అమ్మనంటున్నది. ఏం చెప్పాలె?"

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగలేదు. "రేపు చెయ్యమను."

చూశారా, రక్తం లేదు, అర్ధరాత్రి లేదు, ఎవరూ చావలేదు. దయ్యాన్ని ఆపడానికి తలుపు మీద రాసిన మాటతోనే ఇక్కడ కన్నతల్లిని ఆపారు. తల్లి పరుగెత్తుకుని రాలేదు, ఎందుకంటే అడ్వాన్సు తీరలేదు. ఆ అడ్వాన్సు ఇచ్చింది ఎవరి మొగుడో పాఠకుడికి గుర్తుంటుంది. మన ప్రాంతంలో నిజంగా ఉన్న కష్టమే కథలో తలుపు గడియ పనిచేసింది. దయ్యం చేసే పనిని బతుకే చేసిపెట్టే చోట్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి, వాటిని వాడుకోండి.

వేళ గురించి కూడా ఒక మాట. మీ రెండు కథలూ అమావాస్య రాత్రే జరుగుతాయి. నల్లగొండలో మే నెల మిట్టమధ్యాహ్నం ఎప్పుడైనా బయటికి వచ్చి చూశారా? ఎండ నలభై అయిదు దాటిన రోజుల్లో వీధిలో కుక్క కూడా ఉండదు. అన్ని తలుపులూ మూసి ఉంటాయి. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి పోవద్దని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఆ వేళ తెల్లచీర కట్టుకున్న ఒకామె ఎండలో గొడుగు లేకుండా, చెప్పులు లేకుండా, ఏమాత్రం తొందర లేకుండా నడుచుకుంటూ వస్తే చాలు.

పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం మీరు చూసే ఉంటారు. చూడకపోతే కథకుడిగా ఒకసారి వెళ్లి కూర్చోండి. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభంలాంటి నీడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలకుండా నిలబడి ఉంటుంది. పలు దిక్కుల నుంచి లోపలికి వచ్చే వెలుతురు, స్తంభాల అమరిక కలిసి ఆ నీడను అట్లా నిలబెడుతున్నాయి. కుందూరు చోడుల కాలపు శిల్పుల గొప్పతనం అది. ఈ సంగతి తెలుసుకుని వెళ్లినా అక్కడ కూర్చుంటే మనసు కుదుటపడదు. సూర్యుడు కదిలితే నీడ కదలాలని మన ఒంటికి తెలుసు. కదలకపోతే ఒళ్లు ఒప్పుకోదు. అంటే వివరణ తెలిసినా వింత పోలేదు. మీ పాత్రకు కూడా ఇట్లాంటిది ఒక్కటి చాలు. మామూలుగా మారాల్సినది ఏదో ఆమెలో మారదు. ఎవరెంత తిట్టినా ఆమె గొంతు పెరగదు. ఇంట్లో చావు జరిగినా ఆమె నిద్రవేళ మారదు. ఏదో ఒక్కటే ఎంచుకోండి, రెండు పెట్టారంటే పల్చబడుతుంది.

మాట తీరు చూసుకోండి. మీ కోడలు దయ్యం "నిన్ను వదలను, మీ వంశాన్ని నాశనం చేస్తాను" అంటోంది. దేవరకొండ దగ్గర పుట్టి పెరిగిన పిల్ల చచ్చాక ఆ భాష ఎక్కడ నేర్చుకుంది? ఆమె బతికున్నప్పుడు ఎట్లా మాట్లాడిందో అట్లాగే మాట్లాడాలి. "ఇంకా పండుకోలేదా?" అని అడిగితే చాలు. బెదిరింపు కంటే ఆరా తీయడం ఎక్కువ భయపెడుతుంది. కథనం మామూలు రాతభాషలో నడపండి, మాటలు మాత్రం మీ ఊరివే పెట్టండి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు యాసలో కృష్ణా, గుంటూరు గాలి తగులుతుంది. మక్తల్, నారాయణపేట వైపు కన్నడం కలుస్తుంది. వీటిని కలగలిపి రాస్తే అక్కడివాళ్లు మొదటి సంభాషణలోనే మిమ్మల్ని నమ్మడం మానేస్తారు. హారర్‌కు పాఠకుడి నమ్మకమే పెట్టుబడి.

ఇక మీ మొదటి కథకు నా సలహా. కొట్టేయకండి, ఎక్కడ మొదలుపెట్టాలో మార్చండి. అత్త చావు, మరిది చావు మొదటి పేరాలోనే అయిపోనివ్వండి. పగ తీరింది. పాఠకుడు సంతోషించాడు. ఇక ఆమె వెళ్లిపోవాలి కదా. వెళ్లదు. ఎందుకంటే ఇల్లు ఇప్పుడు తనది. బతికుండగా ఒక్కసారి కూడా తన చేతికి రాని బీరువా తాళాలు ఇప్పుడు తన దగ్గరే ఉన్నాయి. భర్త మళ్లీ పెళ్లి చేసుకుంటాడు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్ల కొత్తగా కాపురానికి వస్తుంది. తెల్లవారుజామున లేపేది ఎవరు? నీళ్లు ఎన్ని బిందెలు తోడాలో, అన్నం ఎవరు తిన్నాక తినాలో, బావి దగ్గర ఎక్కడ నిలబడాలో ఆ పిల్లకు చెప్పేది ఎవరు? చచ్చిన కోడలే ఈ ఇంటికి అత్త అయింది. తనకు ఎట్లా నేర్పారో అట్లాగే నేర్పుతుంది, ఇంకా బాగా నేర్పుతుంది. అప్పుడు పాఠకుడు "పాపం" అని ఎవరిని అనాలో తెలియక ఆగిపోతాడు.

గుడి అవసరం లేదు, భూతవైద్యుడు అవసరం లేదు. రెండు వేల మాటలు దాటనివ్వకండి. కొత్త కోడలు మొదటిసారి బావి దగ్గరికి ఒంటరిగా వెళ్లే పొద్దున దాకా రాసి, ఆమె బిందె కింద పెట్టిన చోట ఆపేయండి. రాశాక ఇంట్లో హారర్ కథలు చదవని ఒకరికి గట్టిగా చదివి వినిపించండి. ఎక్కడ "ఆ తర్వాత?" అని అడుగుతారో, ఎక్కడ మాట్లాడకుండా ఉండిపోతారో పక్కన గుర్తు పెట్టుకోండి. "ఎందుకు?" అని అడిగిన చోట వివరణ చేర్చాలని చెయ్యి లాగుతుంది, అక్కడ మాత్రం ఏమీ చేర్చకండి.